కారు కాళ్ళకి కడియాలు

పూర్వం పెళ్ళిచూపుల్లో పిల్లని నాలుగడుగులు నడిపించేవారు. కాలు ఈడుస్తుందా, మడమ నేలకి ఆనుతుందా, అరికాలు ఎలా ఉంది, అన్నీ కళ్ళతోనే కొలిచేసేవారు. ఆ పాడు అలవాటు పోయింది, మంచిదే అయింది. నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. ఆడపిల్ల అరికాలి దాకా వెళ్ళిన ఆ చూపు, పది పదిహేను లక్షలు పోసి కారు కొనేటప్పుడు మాత్రం అక్కడిదాకా ఎందుకు వెళ్ళదు? రంగు చూస్తారు. పైకప్పు తెరుచుకుంటుందా అని చూస్తారు. పాట ఎంత మోతగా వస్తుందో వింటారు. తీరా కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కడియాలు చూసి మురిసిపోయి లేచి నిలబడతారు.

కడియాలంటే అలాయ్ వీల్సు. అరికాలంటే టైరు. వెయ్యి కిలోల పైచిలుకు బరువు, లోపల పిల్లాపాపలతో సహా, నేల మీద ఆనేది నాలుగే నాలుగు చోట్ల. ఒక్కో చోటు మన అరచేయంత. కారు ఆగినా, మలుపు తిరిగినా, జారినా ఆ నాలుగు అరచేతుల దయే. మిగిలినదంతా అలంకారం.

ఇదేదో మగవాళ్ళ గొడవ అని పేజీ తిప్పేయబోతున్నారేమో, ఒక్క క్షణం ఆగండి. రబ్బరు సంగతి మనకి తెలిసినంత వాళ్ళకి తెలియదు. కుక్కరు గాస్కెట్టు ఎప్పుడు గట్టిపడిందో, ఎప్పుడు ఆవిరి పక్కనుంచి కారుతుందో ఏ ఇంట్లోనైనా ముందు కనిపెట్టేది ఎవరు? అరిగిన హవాయి చెప్పులతో తడి స్నానాలగదిలోకి వెళ్ళిన అత్తగారిని "ఆ చెప్పులు విడిచి రండి" అని కేకేసేది ఎవరు? టైరు శాస్త్రం మొత్తం ఆ గాస్కెట్టులోనూ ఆ చెప్పులోనూ ఉంది. అందుకనే ఈ మాటలు మనలో మనం అనుకోవాలనిపించింది.

జనగామలో మా అక్కకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కెనడాలో మాంట్రియల్‌లో ఉంటాడు. చిన్నవాడు హైదరాబాదులో ఉద్యోగం, వారం వారం వస్తాడు. ఇద్దరికీ కార్ల పిచ్చి. మామూలు కార్లు కావు, కాలు పెడితే దూకేవి.

పెద్దవాడిది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. వాడు మొన్న నవంబరులో వీడియోలో కారు చూపిస్తూ "చలికాలం వస్తుందమ్మా, చక్రాలు మార్పిచ్చిన" అన్నాడు.

మా అక్క ముక్కున వేలేసుకుంది. "గదేందిరా, కార్లకు గూడ స్వెట్టర్లు తొడుగుతరా?"

"తొడగకపోతె జుర్మానా పడ్తదమ్మా."

నిజమే. వాడుండే క్యూబెక్ రాష్ట్రంలో 2008 నుంచి అది చట్టం. ఇప్పుడైతే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు లేకుండా కారు రోడ్డెక్కకూడదు. జర్మనీలో అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా అని ఒక లెక్క చెప్పుకుంటారట, మనం కార్తెలు చెప్పుకున్నట్టు. ఈ టైర్లు పుట్టింది ఫిన్లాండులో. 1934లో లారీలకి, 1936లో కార్లకి. మంచులో కూరుకుపోయిన దేశానికే ఆ తెలివి ముందు రావడంలో వింతేం లేదు.

అందులో కిటుకు ఏమీ లేదు. డిసెంబరు తెల్లవారుజామున కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుంది? తలకిందులుగా పట్టుకున్నా చుక్క రాలదు. మామూలు టైరు రబ్బరు కూడా అంతే. సుమారు 7 డిగ్రీల కిందకి చలి దిగితే బిర్రబిగుసుకుపోతుంది, రోడ్డుని పట్టుకోదు. వేగంగా పోయే కార్లకి వేసే వేసవి టైర్లయితే మరీనూ. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద కత్తితో గీసినట్టు సన్నసన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి, అవి మంచుని పట్టుకుంటాయి. దాని పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, కొండలో మంచురవ్వ బొమ్మ వేసి ఉంటుంది. అదే దాని ఆనవాలు.

నన్ను ఆశ్చర్యపరిచింది చట్టం కాదు, వాడు ఎంచుకున్న చక్రాలు. ఎండాకాలంలో ఆ కారుకి 18 అంగుళాల మెరిసే చక్రాలు. చలికాలానికి వాడు కొన్నవి 17 అంగుళాలవి, సాదా బూడిదరంగువి, చూడ్డానికి ఆనవు. అదేమిట్రా అంత కారుకి ఇంత బోడి చక్రాలా అంటే, అక్కడ అందరూ చేసేది అదేనన్నాడు. రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తుగా ఉంటుంది, మంచు కింద దాక్కున్న గుంతలో పడినా దెబ్బ టైరే కాచుకుంటుంది. చిన్న టైరు చవక. రోడ్ల మీద చల్లే ఉప్పుకి మంచి చక్రాలు పాడవవు. అయితే ఇష్టం వచ్చినంత చిన్నవీ పెట్టకూడదట. ఇలాంటి కార్లకి బ్రేకులు పెద్దవి, రిమ్ము వాటికి తగలకూడదు. టైరుతో కలిపి మొత్తం చక్రం ఎత్తు మాత్రం ముందున్నంతే ఉండాలి, లేకపోతే వేగం చూపే ముల్లు అబద్ధాలాడుతుంది. అన్నీ లెక్క చూసుకుని, కాగితం మీద రాసుకుని మరీ కొన్నాడు.

చిన్నవాడి సంగతి ఇక చెప్పాలి. వాడు సెకండ్‌హ్యాండ్‌లో ఓ టర్బో కారు కొన్నాడు. కంపెనీవాళ్ళు ఇచ్చినవి 195/55 ఆర్16 టైర్లు. వాడికి ఆనలేదు. మా అక్క పదహారు నెలలు కట్టిన చిట్టీ ఎత్తి, 18 అంగుళాల చక్రాలు వేయించుకున్నాడు, 205/40 ఆర్18. పెంబర్తి ఇత్తడి నగిషీలా ఉన్నాయి ఆ చక్రాలు, కాదనను. పెంబర్తి పనితనం గోడకో పూజగదికో అందం. గుంతల్లో దొర్లే చక్రానికి ఎందుకు చెప్పండి?

ఆ అంకెలు చూసి భయపడకండి, చీర కొలతలకంటే తేలిక. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎన్నో వంతో శాతంలో. చివరిది రిమ్ము, అంగుళాల్లో. 195లో 55 శాతం అంటే సుమారు 107 మిల్లీమీటర్ల గోడ. 205లో 40 శాతం అంటే 82. మా అక్క చిట్టీడబ్బు పెట్టి వాడు కొన్నదేమిటంటే, గుంతకీ రిమ్ముకీ మధ్య ఒక అంగుళం రబ్బరు తక్కువ! డబ్బిచ్చి చెప్పులోంచి అట్ట పీకించుకోవడం మీరెక్కడైనా విన్నారా?

"నీకు తెల్వదు చిన్నమ్మా, గిట్లయితెనే లుక్కు," అన్నాడు.

లుక్కు సంగతి జులైలో తెలిసింది. ఏడో నెల గర్భిణి కోడలిని మహబూబాబాద్‌లో పుట్టింటి నుంచి తీసుకొస్తున్నారు. ముందు సీట్లో అక్క. వాన, రాత్రి తొమ్మిది. తొర్రూరు ఇంకా రాలేదు, నీళ్ళు నిండి రోడ్డుతో సమంగా కనిపిస్తున్న గుంతలో పడింది కారు. టైరు గోడ చీలింది, రిమ్ము వంగింది. డిక్కీలో స్టెప్నీ ఉంది, అందులో గాలి లేదు. చక్రాలు అమ్మిన షాపువాడికి ఫోన్ చేస్తే, గుంతలో పడితే తమ పూచీ లేదని పెట్టేశాడు. దారినపోయే ట్రాక్టరు ఆపి, ఎవరో పుణ్యాత్ముడు గాలి కొట్టే మిషను తెచ్చేసరికి పదకొండున్నర. ఆ రెండున్నర గంటలు ఏడో నెల పిల్ల వానలో కారులో నడుం పట్టుకుని కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు, భగవంతుడి దయ. నేను మాత్రం ఆ రోజు నుంచీ ఎవరు అలాయ్ వీల్సు మాటెత్తినా ఊరుకోవడం మానేశాను.

ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు. మంచు దేశంలో ఉన్నవాడు చెడ్డ రోజులొస్తున్నాయంటే సోకు తగ్గించుకుని చక్రం దించుతున్నాడు. గుంతల దేశంలో ఉన్నవాడు చెడ్డ రోజులు ముంచుకొస్తున్నా సోకు పెంచుకుని చక్రం ఎక్కిస్తున్నాడు. విదేశాల నుంచి మనవాళ్ళు నేర్చుకున్నది వాళ్ళ వేసవి సోకు. వాళ్ళ చలికాలపు బుద్ధి మాత్రం ఓడ ఎక్కలేదు.

మనకి మంచెక్కడిదని అంటారు. నిజమే. ఆదిలాబాద్ వైపు ఏ ఏడాదో అయిదారు డిగ్రీలకి దిగుతుంది గానీ, జనగామలోనో మానుకోటలోనో మంచు టైరు వేయడమంటే మే నెలలో ఉన్ని కోటు తొడగడమే. వేడి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు పెన్సిలు రబ్బరులా అరిగిపోతుంది, బ్రేకు కొడితే ఆలస్యంగా ఆగుతుంది. ఎవరైనా విదేశీ సరుకు, చవక అని టైర్లు అంటగట్టబోతే పక్కన ఆ కొండ, మంచురవ్వ బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే చెప్పులు తొడుక్కుని వచ్చేయండి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేకపోయినా అంతే.

కాని మనకీ చెడ్డకాలం ఉంది. ఒకటి కాదు, రెండు, అవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళే పగిలితే రబ్బరు ఎంత? భూపాలపల్లి వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. పైన ఎండ, కింద సలసల కాగే తారు. గాలి తక్కువున్న టైరు ఆ రోడ్డు మీద నలిగి నలిగి లోపలి నుంచే వేడెక్కి పేలుతుంది. వేసవిలో పేలిన టైర్లకి ఎక్కువ గాలి కారణమని అందరూ అనుకుని గాలి తీయిస్తారు. చాలాసార్లు తక్కువ గాలే కొంప ముంచుతుంది. ఎంత కొట్టాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో రాసి ఉంటుంది. పొద్దున్నే బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఇరవై కిలోమీటర్లు నడిపి చూపిస్తే వేడికి పెరిగిన అంకె చూసి మోసపోతాం.

రోహిణి వెళ్ళిందనగానే మృగశిర. తొలకరి. కవులకి మట్టివాసన, కార్లకి గండం. ఎండాకాలమంతా రోడ్డు మీద పడిన నూనె, దుమ్ము తొలి చినుకుకి తడిసి జిగురులా పరుచుకుంటాయి. భూపాలపల్లిలో అయితే సింగరేణి బొగ్గు లారీలు రాల్చిన నల్ల పొడి కూడా కలుస్తుంది. పెద్ద వానకంటే ఆ సన్న చినుకు ఎక్కువ జారుతుంది. పెద్ద వాన కురిస్తే ఇంకో ప్రమాదం. టైరుకీ రోడ్డుకీ మధ్య నీళ్ళు చేరితే కారు పడవలా తేలుతుంది, స్టీరింగు తిప్పినా తిరగదు. ఆ నీళ్ళని పక్కలకి చిమ్మడానికే టైరు మీద గాళ్ళు ఉన్నాయి. పిల్లలు గ్రిప్పు అంటారు. అది అరిగి గుండు టైరయితే నీళ్ళు ఎటు పోతాయి?

మన వానలు ఎలాంటివో నేను చెప్పాలా? 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన లెక్కకొచ్చింది. అదే రోజు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరే మునిగింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింద కట్టనే కోసుకుపోయింది. అలాంటి నీళ్ళలో ఏ టైరూ కాపాడదు. వాగు రోడ్డెక్కితే వెనక్కి తిప్పడం ఒక్కటే మార్గం, ఎంత టర్బో అయినా. నేను మాట్లాడేది అవి తప్ప మిగిలిన వంద వాన రోజుల గురించి.

అయితే ఏం టైరు కొనాలి? బొమ్మల పుస్తకం చూసి కాదు. కంపెనీవాళ్ళు ఆ కారుకి చెప్పిన కొలతలే. చెప్పిన వాటిలో రెండు కొలతలు ఉంటే గోడ ఎత్తున్నది. తడి రోడ్డు మీద బాగా ఆగుతుందని పేరున్నది. కొలత పక్కన 87వి, 91హెచ్ అని ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె ఎంత బరువు మోస్తుందో, అక్షరం ఎంత వేగం తట్టుకుంటుందో చెబుతుంది. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు. కంపెనీ ఇచ్చినదానికి ఇవి తగ్గకూడదు, ముఖ్యంగా దూకే కార్లకి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమమైతే దాని ఆయుష్షు తీరినట్టే. నన్నడిగితే వానాకాలానికి ముందు దానికి రెట్టింపైనా ఉండాలి. రెండే కొత్త టైర్లు కొనే స్తోమత ఉంటే అవి వెనక వేయించండి. షాపువాళ్ళు ముందు వేస్తారు. ముందు టైరు జారితే డ్రైవరుకి తెలుస్తుంది, వెనకది జారితే బొంగరమే.

రబ్బరు వయసు గురించి ఇంకా అన్యాయం. "రెండేళ్ళలో ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగింది, గ్రిప్పు కొత్తదే" అంటారు. బీరువాలో పెట్టిన గాస్కెట్టు అయిదేళ్ళ తర్వాత తీస్తే ఎలా ఉంటుంది? కొత్తదే, కాని పుటుక్కుమంటుంది. టైరు గోడ మీద డి.ఓ.టి. అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కొత్తదని అమ్మే టైరు మీద కూడా ఆ అంకెలు చదవాలి. పాల ప్యాకెట్టు తేదీ చూడకుండా తీసుకోం కదా!

మా ఇంట్లో మగవాళ్ళు నా మీద వేసే బాణాలు రెండు. మొదటిది: గుంతలు పూడ్చమని ప్రభుత్వాన్ని అడుగు, కారువాళ్ళ మీద పడతావేం అని. అడుగుతూనే ఉన్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లాలయ్యాయి. ఇంటి ముందు కార్లు పెరిగినంత వేగంగా ఊళ్ళ మధ్య రోడ్లు బాగుపడలేదు. అయితే మాత్రం, కప్పు కారుతోంది కదా అని గిన్నె పెట్టడం మానుకుంటామా? పైగా గుంతలు ఉన్నాయని మొరపెట్టుకునేవాడే టైరు గోడ తగ్గించుకోవడం ఏం న్యాయం?

రెండోది: ముచ్చట పడి కొనుక్కుంటే తప్పా, మీరు నగలు వేసుకోరా అని. వేసుకుంటాం. మేం వంకీ పెట్టుకుంటే పక్కవాళ్ళ ప్రాణం మీదికి రాదు. ఎల్లుండి ఇంట్లో అవసరం వస్తే కుదువ పెట్టడానికి పనికొస్తుంది. వంగిన రిమ్ము ఏ బ్యాంకులో కుదువ పెట్టుకుంటారు? ఇంకో మాట. కంపెనీ చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే నొక్కి చెప్పింది. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీవాడు ముందు చూసేది మన ముచ్చటనే.

మా అమ్మమ్మగారి కాలంలో మేడారం జాతరకి ఎడ్లబండ్లు కట్టించే ముందు ఇరుసుకి కందెన ఉందా, చక్రం పట్టా బిగువుగా ఉందా అని అమ్మమ్మే దగ్గరుండి చూసేదట. బండి తోలేది తాతయ్యే, పట్టా వదులైందని బయలుదేరకుండా ఆపేది ఆవిడ. ఎద్దు కొమ్ములకి కుచ్చులు కట్టొద్దని ఎప్పుడూ అనలేదట. పట్టా సంగతి తేలాక కట్టుకోమనేది. ఆవిడ చదువుకోలేదు. మనం డిగ్రీలు చదివి, స్కూటీలు నడిపి, కొందరం కార్లూ నడిపి, టైర్ల షాపులో "సార్ రాలేదా మేడమ్?" అంటే సిగ్గుపడి కారులో కూర్చుంటున్నాం. చిట్టీ మనది, గాజులు మనవి, వెనక సీట్లో కూర్చునేది మనం, ఒళ్ళో పిల్లలు మనవాళ్ళు. అంకెలు చదవడానికి సారెందుకు?

కనుక ఈ సాయంత్రం టీ తాగాక వాకిట్లో కారు దగ్గరికి వెళ్ళండి. నాలుగు టైర్లకీ నాలుగంకెలు చదవండి. గాడి అడుగున దిమ్మల దాకా అరిగిందేమో వేలు పెట్టి చూడండి. పక్కగోడ మీద పగుళ్ళు, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. తర్వాత డిక్కీ తీసి స్టెప్నీ చూడండి. 2020 తర్వాత కొన్ని కొత్త కార్లకి స్టెప్నీ ఇవ్వకపోయినా చట్టం ఒప్పుకుంటోంది, బదులుగా గాలి తగ్గితే చెప్పే మీటరూ పంక్చరు పూడ్చే మందూ ఇస్తారు. ముందు మీ కారుకి స్టెప్నీ అసలుందో లేదో తెలుసుకోండి. ఉంటే అందులో గాలుందో లేదో చూడండి. దాని మీద పోయిన సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చిన చింతపండు బస్తా ఉంటుంది. ముందు అది దింపించాలి.